క్రిప్టో సొమ్ము పంపుటలో రుసుమెంత? భద్రత యెంత?

క్రిప్టో నాణెములను గూర్చిన ప్రసంగములు నేడు నగరములలోనే గాక గ్రామములలో కూడ వినవచ్చుచున్నవి. సెల్‌ఫోనులో ఖాతా తెరచి వీనిని కొని దాచుకొనువారు మన పాఠకులలోను ఉండవచ్చును. వీనిని కొనుమని గాని కొనవలదని గాని చెప్పుట మా యుద్దేశము కాదు. మన దేశమున ఇవి చట్టరీత్యా చెల్లుబాటగు ద్రవ్యము కావనియు, వీని ధర నిలకడ లేనిదనియు మాత్రము మొదటనే తెలుపుచున్నాము.

అయినను, కొన్నవారు వానిని ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పంపునపుడు ఒక ప్రశ్న యెదురగును. ఏ నెట్‌వర్కు ద్వారా పంపెదరని తెరపై నాలుగైదు పేర్లు కనబడును. ఒక్కొక్క పేరున కెదురుగ ఒక్కొక్క రుసుము వ్రాసియుండును. పెక్కుమంది మిక్కిలి తక్కువ రుసుము గల పేరును వ్రేలితో తాకి పని ముగింతురు. ఆ రుసుము దేనికొరకు పుచ్చుకొనబడుచున్నది? అది తగ్గిన కొలది మనకు తగ్గునది మరేమైనను గలదా? ఈ విషయమును ఇచట విచారింతము.

చిట్టా యొక్కటి, ప్రతులనేకము

బ్లాక్‌చెయిన్ అనగా ఒక లెక్కల చిట్టా. షావుకారు చిట్టా ఆయన యింట నుండును. అందలి పద్దును దిద్దుటకు ఆయన యొక్కడు తలచిన చాలును. బ్యాంకు చిట్టా బ్యాంకు వద్ద నుండును. దానిపై తనిఖీయు, చట్టమును గలవు. బ్లాక్‌చెయిన్ చిట్టా యన్ననో, అనేక కంప్యూటర్లలో ఒకే రీతిగ వ్రాయబడియుండును. కొంత సేపటికొకమారు క్రొత్త పద్దులన్నిటిని ఒక పుటగా కూర్చి, ఆ పుటకు వెనుకటి పుట యొక్క ముద్రను తగిలింతురు. ఈ పుటకే బ్లాకు అని పేరు. వెనుకటి పుటలో ఒక్క అంకె మార్చినను ముద్ర చెడును. అటుపిమ్మటి పుటలన్నియు పొసగకుండును.

ఇట్టి చిట్టాలలో ప్రసిద్ధికెక్కిన మొదటిది బిట్‌కాయిన్. సతోషీ నకమోతో అను మారుపేరుతో 2008 అక్టోబరులో వెలువడిన పత్రమున దీని పద్ధతి వివరింపబడినది. 2009 జనవరి 3వ తేదీన దీని మొదటి పుట వ్రాయబడినది. క్రొత్త పుటను చేర్చు హక్కు కొరకు ప్రపంచమందలి యంత్రములు విద్యుచ్ఛక్తిని వెచ్చించి పోటీపడును. సుమారు 10 నిమిషముల కొక పుట చేరును. దొంగపద్దు వ్రాయదలచినవాడు తక్కినవారందరి యంత్రబలమును మించిన బలమును సమకూర్చుకొనవలెను.

రెండవ పెద్ద చిట్టా ఇథీరియం. ఇది 2015లో ప్రారంభమైనది. 2022 సెప్టెంబరు 15వ తేదీనుండి ఇది విద్యుత్తు పోటీని విడిచి ధరావతు పద్ధతిని చేపట్టినది. పద్దులను సరిచూచు సాక్షిగా నుండగోరువాడు కనీసము 32 ఈథర్ నాణెములను ధరావతుగ నుంచవలెను. ఒకే చోట రెండు విరుద్ధమైన పుటలకు సాక్ష్యము పలికినచో ఆ ధరావతులో కోత పడును.

దస్తావేజుపై ఇద్దరు సాక్షులు మాత్రమే యున్నచో, వారిద్దరిని లోబరచుకొనినవాడు నిజమును మార్చగలడు. ఊరంతయు చూచుచుండగ జరిగిన ఒప్పందమును కాదనుట ఎవనికిని తేలిక కాదు. బ్లాక్‌చెయిన్ భద్రత యంతయు ఈ సూత్రము మీదనే ఆధారపడియున్నది. సాక్షు లెందరు, వారు ఒకరి చెప్పుచేతలలో నున్నవారా, మోసము చేసినచో వారు పోగొట్టుకొనున దెంత, ఈ మూడును చూచిన భద్రత తెలియును.

రుసుము ఏర్పడు విధము

ఒకప్పుడు మనియార్డరు పంపువారు సొమ్మునుబట్టి రుసుము చెల్లించెడివారు. సొమ్ము పెరిగిన రుసుమును పెరిగెడిది. బ్లాక్‌చెయిన్ రుసుము అట్టిది కాదు. పుటలో చోటు పరిమితము. ఆ చోటు కొరకు పద్దులు పోటీపడును. మన పద్దు ఆక్రమించు చోటునుబట్టి, కంప్యూటర్లకు కల్పించు పనినిబట్టి రుసుము పడును. నూరు రూపాయల విలువ పంపినను, కోటి రూపాయల విలువ పంపినను రుసుము ఒక్కటియే కావచ్చును.

లెక్కకొరకు ఇథీరియంను తీసికొందము. ఇచట పనిని గ్యాస్ అను కొలతతో కొలుతురు. ఈథర్ నాణెమును ఊరక పంపుటకు 21,000 గ్యాస్ పట్టును. ఇతర టోకెనును పంపుటకు సుమారు 65,000 పట్టుననుకొందము. గ్యాస్ ధరను గ్వే అను చిల్లరలో చెప్పుదురు. ఒక ఈథరులో నూరు కోట్లవ వంతు ఒక గ్వే. ఈథర్ ధర 2 లక్షల రూపాయలని ఊహింతము. గ్యాస్ ధర 20 గ్వేలున్న దినమున టోకెను పంపుటకు అగు రుసుము 260 రూపాయలు. రద్దీ హెచ్చి 200 గ్వేలైనచో 2,600 రూపాయలు. రద్దీ తగ్గి 5 గ్వేలైనచో 65 రూపాయలు మాత్రమే.

ఈ లెక్కనుండి రెండు సంగతులు తేలుచున్నవి. ఒకటి, 500 రూపాయలు పంపువానికి 260 రూపాయల రుసుము సగమునకు మించిన భారము. 5 లక్షలు పంపువానికి అదే రుసుము నూరు రూపాయలకు 5 పైసల చొప్పున మాత్రమే పడును. రెండు, ఖరీదైన నెట్‌వర్కు అన్ని దినములలోను ఖరీదైనది కాదు. తొందర లేనివాడు రద్దీ తగ్గువరకు వేచియున్నచో, బలమైన చిట్టాలోనే స్వల్ప వ్యయముతో పని జరుపుకొనగలడు.

రద్దీ ఎంత దూరము పోగలదో 2024 ఏప్రిల్ 20వ తేదీన బిట్‌కాయిన్ వాడుకరులు చూచిరి. నాణెముల బహుమానము సగమునకు తగ్గిన ఆ దినమున క్రొత్త రకపు టోకెనులను వ్రాయించుటకు జనము ఎగబడగా, సగటు రుసుము 100 డాలర్లు దాటినది. కొలదిదినములలోనే మరల దిగివచ్చినది.

చౌకయగుటకు కారణములు

తక్కువ రుసుము గల నెట్‌వర్కులన్నియు చెడ్డవి కావు. అవి ఎట్లు చౌకయైనవో తెలిసికొనుట ముఖ్యము. కొన్ని నెట్‌వర్కులలో వాడుకరులు తక్కువ గనుక చోటుకు పోటీ లేదు. కొన్నిటిలో సాక్షుల సంఖ్య తగ్గించి వేగమును పెంచిరి. ట్రాన్ అను నెట్‌వర్కులో ఓట్లచే ఎన్నుకొనబడిన 27 మంది ప్రతినిధులు వంతులవారీగ 3 సెకనుల కొక పుట వ్రాయుదురు. సొలానా అను నెట్‌వర్కులో శక్తిమంతములైన యంత్రములు పనిచేయును. అచట ఒక సంతకమునకు మూల రుసుము నాణెములో 10 లక్షలవ వంతులు 5 మాత్రమే. అయితే 2021 సెప్టెంబరులో పద్దుల వెల్లువకు తట్టుకొనలేక ఆ నెట్‌వర్కు సుమారు 17 గంటలు నిలిచిపోయెను. 2024 ఫిబ్రవరి 6న మరల సుమారు 5 గంటలు నిలిచెను. చిట్టాలోని సొమ్ము పోలేదు గాని, ఆ గంటలలో ఎవరి సొమ్మును కదలలేదు. అత్యవసరమున పంపవలసినవానికి అదియు నష్టమే.

యంత్రబలము చాలని చిట్టాల గతి ఇంకను కష్టతరము. 2018 మే నెలలో బిట్‌కాయిన్ గోల్డ్ అను చిన్న నెట్‌వర్కుపై కొందరు అధిక యంత్రబలముతో దాడి చేసిరి. ఇథీరియం క్లాసిక్ అను నెట్‌వర్కుపై 2019 జనవరిలో ఒకమారును, 2020 ఆగస్టులో మూడుమారులును ఇట్టి దాడులు జరిగినవి. పద్ధతి ఇది. దొంగ తన నాణెములను ఒక ఎక్స్ఛేంజికి పంపి, వానికి బదులు వేరు నాణెములను తీసికొని పోవును. అదే సమయమున రహస్యముగ మరియొక గొలుసును వ్రాయుచుండును. అందులో ఆ చెల్లింపు ఉండదు. అతని గొలుసు పొడవైనదైనచో నెట్‌వర్కు దానినే నిజమని యెంచును. పుచ్చుకొన్నవాని ఖాతాలో జమ మాయమగును. కావున పుచ్చుకొనువారు ఒక్క పుట చేరగనే సంతోషింపక మరికొన్ని పుటలు పైబడువరకు ఆగవలెను. బిట్‌కాయిన్‌లో పెద్ద మొత్తములకు 6 పుటలు, అనగా సుమారొక గంట, ఆగుట వాడుక. ఇథీరియంలో పద్దు తిరుగులేనిదగుటకు సుమారు 13 నిమిషములు పట్టును.

రోనిన్ నేర్పిన పాఠము

చౌక మార్గమునకు చెల్లింపవలసి వచ్చిన మూల్యమును తెలిసికొనుటకు రోనిన్ ఉదంతము మిక్కిలి తగినది. ఆక్సీ ఇన్ఫినిటీ అను ఆటను వియత్నాంనందలి స్కై మావిస్ అను సంస్థ నడుపుచున్నది. ఈ ఆటలో గెలిచిన టోకెనులను అమ్ముకొనవచ్చును. కోవిడ్ కాలమున పనులు పోయిన ఫిలిప్పీన్స్ ప్రజలలో పలువురు ఈ ఆటతో దినవెచ్చములు గడుపుకొనిరి. ఇథీరియంలో రుసుములు మితిమీరి పెరుగగా, చిన్న రాబడిగల ఆటగాండ్రకు అవి భరింపరానివాయెను. అందుచే ఆ సంస్థ 2021లో రోనిన్ అను సొంత నెట్‌వర్కును నెలకొల్పినది. రుసుము మిక్కిలి తగ్గినది. ఆటగాండ్రు వేలకువేలుగ చేరిరి.

ఈ నెట్‌వర్కునకు సాక్షులు 9 మంది మాత్రమే. ఇథీరియం నుండి తెచ్చిన సొమ్మును తిరిగి విడుదల చేయుటకు వారిలో 5 మంది సంతకములు చాలును. ఆ తొమ్మిదింటిలో 4 తాళపుచెవులు ఒక్క స్కై మావిస్ సంస్థ చేతిలోనే యుండెను. 2021 నవంబరులో వాడుకరుల వత్తిడి హెచ్చగా, మరియొక సాక్షియైన ఆక్సీ సంఘము తన తరఫున సంతకము చేయుటకు ఆ సంస్థకే అనుమతి నిచ్చినది. డిసెంబరులో ఆ యేర్పాటు ముగిసినది; కాని యిచ్చిన అనుమతిని రద్దుచేయుట ఎవరికిని తోచలేదు.

2022 మార్చి 23వ తేదీన దొంగలు ఆ సంస్థ కంప్యూటర్లలోనికి చొరబడి 4 తాళపుచెవులను, మరచిన అనుమతి ద్వారా అయిదవదానిని చేజిక్కించుకొనిరి. రెండే పద్దులలో 1,73,600 ఈథర్ నాణెములును, 2 కోట్ల 55 లక్షల డాలరు టోకెనులును తరలించిరి. నష్టము బయటపడునాటి విలువలో ఇది 60 కోట్ల డాలర్లకు మించినది. ఆరు దినములవరకు ఎవరును గుర్తింపలేదు. ఒక వాడుకరి 5,000 ఈథర్ తీయబోగా రాకపోవుటచే 29వ తేదీన విషయము వెల్లడియైనది. ఉత్తర కొరియాకు చెందిన ముఠాయే దీనికి కారణమని అమెరికా ఎఫ్.బి.ఐ. ఆ యేప్రిలులో ప్రకటించినది.

సంస్థ క్రొత్త పెట్టుబడి సమకూర్చుకొని వాడుకరులకు సొమ్ము తిరిగి చెల్లించి, జూన్ 28న మార్గమును మరల తెరచినది. సాక్షుల సంఖ్యను పెంచినది. సంస్థకు ఆ స్తోమత యుండుట వాడుకరుల అదృష్టము. లెక్కలశాస్త్రముతో కూడిన తాళము ఇచట చెడలేదు. అయిదుగురి సంతకము లనుకొన్నవి నిజమునకు ఒక్కరి యింటిలోని సంతకములగుటయే చెడుగునకు మూలము.

వంతెనలు, రసీదులు

ఒక నెట్‌వర్కులోని నాణెము మరియొక నెట్‌వర్కులోనికి స్వయముగ పోజాలదు. మొదటిచోట నాణెమును బంధించి, రెండవచోట దానికొక రసీదు టోకెనును సృష్టింతురు. ఈ యేర్పాటునకే వంతెన యని పేరు. ధాన్యమును గిడ్డంగిలో నుంచి రసీదు పొందుటవంటిది ఇది. గిడ్డంగి కొల్లపోయినచో చేతిలోని రసీదుకు విలువ లేదు. 2022 జూన్‌లో హార్మొనీ అను నెట్‌వర్కు వంతెననుండి సుమారు 10 కోట్ల డాలర్ల సొమ్ము పోయెను. ఆ వంతెనను తెరచుటకు 5 తాళపుచెవులలో 2 చాలునట్లు ఏర్పాటు చేయబడియుండెను. అందువలన ఒకే పేరుగల డాలరు టోకెను, దానిని జారీచేసిన సంస్థ ఆ నెట్‌వర్కులో నేరుగ ఇచ్చినదా, లేక వంతెన రసీదా యని విచారించుట అవసరము.

ఈ చిక్కును కొంత తగ్గించుటకు ఇథీరియంపై ఆధారపడిన రెండవ అంతస్తు నెట్‌వర్కులు వచ్చినవి. ఆర్బిట్రం, ఆప్టిమిజం, బేస్ అనునవి ఇట్టివి. ఇవి పద్దులను పైన జరిపి, వాని మూటను ఇథీరియం చిట్టాలో జమకట్టును. 2024 మార్చి 13న ఇథీరియంలో జరిగిన మార్పుచే ఈ జమకు ప్రత్యేకమైన చౌక స్థలము ఏర్పడి, వీని రుసుములు బాగుగ తగ్గినవి. మధ్యతరగతి మొత్తములకు ఇవి అనుకూలమైనవి. అయినను రెండు పరిమితులు గలవు. వీనినుండి అసలు దారిలో ఇథీరియంలోనికి సొమ్ము తెచ్చుకొనుటకు సుమారు 7 దినములు పట్టును. పద్దులను వరుసకూర్చు పని ఒక్కొక్క సంస్థ చేతిలోనే యున్నది గనుక, ఆ యంత్రము నిలిచినచో పని జాప్యమగును.

మొత్తమునుబట్టి మార్గము

పైని చెప్పినదానినిబట్టి మనకొక సులభమైన పద్ధతి ఏర్పడుచున్నది. పంపబోవు సొమ్మును చూచి, ఇది పూర్తిగ పోయినచో ఇల్లు గడచునా యని మొదట ప్రశ్నించుకొనవలయును.

పోయినను ఇబ్బందిలేని చిన్న మొత్తమునకు, పదుగురు వాడుచున్న చౌక నెట్‌వర్కు చాలును. అచట భారీ రుసుము చెల్లించుట, పది రూపాయల వస్తువునకు ఇరువది రూపాయల పెట్టె చేయించుటవంటిది. కొంత కష్టము కలిగించు మొత్తమునకు, పెద్ద చిట్టాపై ఆధారపడిన రెండవ అంతస్తు నెట్‌వర్కు తగును. పిల్లల చదువునకో, పెండ్లికో, పొలమునకో దాచిన సొమ్మును ఈ నాణెములలో నుంచుటయే మంచిది కాదు. ఒకవేళ నున్నచో, రుసుమును లెక్కింపక, సాక్షులు విస్తారముగ గల చిట్టాలోనే కదలింపవలయును. ఎక్కువకాలము నిలువయుంచు సొమ్మునకు ఈ నియమము మరింత ముఖ్యము. పంపుట ఒక నిమిషపు పని. నిలువయుంచుట సంవత్సరముల పని. ఈనాడు వంతెన దాటి క్షేమముగ చేరిన సొమ్ము, రసీదు రూపమున నున్నంతకాలమును ఆ వంతెన క్షేమము మీదనే ఆధారపడియుండును.

పంపుటకు ముందు గమనింపవలసినవి

1. పుచ్చుకొనువాని ఖాతా ఆ నెట్‌వర్కును అంగీకరించునో లేదో ముందుగ అడిగి తెలిసికొనవలెను. ఇథీరియం, పాలిగాన్, ఆర్బిట్రం మొదలగు వానిలో చిరునామా రూపము ఒక్కటియే. అందుచే చిరునామా సరిపోయినంతమాత్రమున నెట్‌వర్కు సరిపోయినదని తలపరాదు.

2. ఒకమారు స్థిరపడిన పద్దును వెనుకకు మరలించు అధికారి ఎవడును లేడు. కావున మొదట కొలదిపాటి మొత్తమును పంపి, అది చేరిన పిమ్మట తక్కినది పంపవలెను. రెండు రుసుములగుననుట నిజమే. పెద్ద మొత్తమునకు ఆ రెండవ రుసుము బీమావంటిది.

3. ప్రతి నెట్‌వర్కులోను రుసుమును దాని సొంత నాణెముతోనే సాధారణముగ చెల్లింపవలెను. ట్రాన్‌లో డాలరు టోకెనులుండి ట్రాన్ నాణెము లేనిచో సొమ్ము చిక్కుపడును.

4. ఎక్స్ఛేంజి చూపు ఉపసంహరణ రుసుములో నెట్‌వర్కు రుసుముతోపాటు దాని సొంత లాభమును కలిసియుండవచ్చును. రెండింటిని పోల్చి చూడవలెను.

5. చిరునామాను పాత పద్దుల పట్టికనుండి చూచి వ్రాసికొనరాదు. మొదటి, చివరి అక్షరములు పోలియున్న చిరునామాలనుండి సున్న మొత్తములు పంపి, మనలను భ్రమపెట్టు మోసగాండ్రు గలరు. చిరునామాను మొదలునుండి తుదివరకు సరిచూడవలెను.

తాళపుచెవి, చట్టము

నెట్‌వర్కు ఎంత బలమైనదైనను తాళపుచెవి పోయినచో ఫలము లేదు. 2024 జూలై 18వ తేదీన మన దేశపు ఎక్స్ఛేంజియైన వజీర్‌ఎక్స్ ఖాతాలలో నొకదానినుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల సొమ్ము అపహరింపబడినది. ఆ సొమ్ము ఇథీరియం చిట్టాలోనే యుండెను. చిట్టాలో లోపము లేదు. పలువురు సంతకము చేయవలసిన ఖాతాలో, సంతకము చేయువారినే మోసగించి దొంగలు పని సాధించిరి. వేలాది సామాన్యుల సొమ్ము నెలల తరబడి నిలిచిపోయెను. కావున నెట్‌వర్కును ఎన్నుకొనుటతో పాటు, తాళపుచెవి ఎవరి చేతిలో నున్నదో కూడ విచారింపవలెను. ఖాతాకు సంబంధించిన రహస్య పదముల వరుసను ఎవ్వరడిగినను చెప్పరాదు. ఫోటో తీసి ఫోనులో నుంచరాదు.

మన చట్టము ప్రకారము 2022 ఏప్రిల్ 1 నుండి ఈ నాణెములపై వచ్చు లాభమునకు నూటికి 30 వంతున ఆదాయపు పన్ను కలదు. ఆ సంవత్సరమే జూలై 1 నుండి అమ్మకపు మొత్తముపై నూటికి 1 వంతున మూలమునందే పన్ను కోయుట ప్రారంభమైనది. కొన్న వెల తప్ప తక్కిన ఖర్చులను లాభమునుండి తీసివేయుటకు చట్టము అంగీకరింపదు. ఒకదానిలోని నష్టమును మరియొకదానిలోని లాభముతో సరిపెట్టుకొనుటకు వీలులేదు. 2023 మార్చి నుండి ఎక్స్ఛేంజిలు మనీలాండరింగ్ నిరోధక చట్టము క్రిందికి వచ్చినవి. కావున రుసుము తక్కువయని నమోదులేని మధ్యవర్తుల ద్వారా పంపుట రెండు విధములుగ ప్రమాదకరము. మోసపోయినవారు సిగ్గుపడి ఊరకుండక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము జాడ దొరకుట కష్టమగును.

తక్కువ వ్యయముతో పని జరుపుకొనుట గృహస్థునకు మంచి గుణమే. కాని మిగిల్చిన రుసుమునకు ప్రతిగ మనమే భరింపవలసిన బాధ్యత ఏమున్నదో తెలిసికొని మిగిల్చుకొనవలెను. పంపబోవు ప్రతిమారును సాక్షు లెందరు, వంతెన కలదా, తాళపుచెవి ఎవరిది, ఎంతసేపు ఆగవలెను అను నాలుగు ప్రశ్నలు వేసికొని, సమాధానము దొరకిన పిమ్మటనే మీట నొక్కుడని మా పాఠకులను కోరుచున్నాము. సమాధానము దొరకనిచో ఆ దినమున పంపకుండుటయే మేలు.